మా వైపు గోడలో నీలి ఈగలు

మా బాబాయి గడియారాలు బాగుచేసేవాడు. బట్టల దుకాణం పక్కన, మెట్ల కింద ఉండే ఇరుకు కొట్టు ఆయనది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక బల్బు. ఆయన లోపల కూర్చున్నాక ఇంకొకరు నిలబడడానికి చోటుండదు. కుడికంటికి నల్లటి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత మరను పటకారుతో ఎత్తి దాని చోట దాన్ని కూర్చోబెట్టేవాడు. ఆయన చెయ్యి పడ్డ గడియారం మళ్ళీ మొరాయించిందని ఎవరూ అనగా నేను వినలేదు. అయినా ఆయనకు ఒక బాధ ఉండేది. "ఆగిపోతే నా దగ్గరికొస్తారు. నడుస్తున్నంతసేపూ నేనెవరికి గుర్తుంటానమ్మా?" అనేవాడు నాతో.

మా నాన్న బస్సు డ్రైవరు. బాబాయి భార్య, అంటే మా పిన్ని, అమ్మకు సొంత చెల్లెలు. పెళ్ళిళ్ళయ్యాక కూడా ఒకరినొకరు వదల్లేక అక్కచెల్లెళ్ళు పక్కపక్క ఇళ్ళే చూసుకున్నారు. రెండు పెరళ్ళకీ మధ్య ఒకటే గోడ. దాంతో తోడల్లుళ్ళిద్దరూ ఇష్టమున్నా లేకపోయినా రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బతకాల్సి వచ్చింది.

నాన్నతో కలిసి వీధిలోకి వెళ్ళడమంటే బాబాయికి ప్రాణం మీదికొచ్చేది. పది అడుగులకొకరు "డ్రైవరన్నా, బాగున్నావా?" అని ఆపేవాళ్ళు. పక్కనున్న మనిషి ఎవరో అడిగేవాళ్ళు కాదు. ఇంట్లోనూ అంతే. పెద్దల్లుడు వస్తే మా తాత గుమ్మం దాకా ఎదురెళ్ళేవాడు. చిన్నల్లుడు వస్తే గోడ గడియారం దించి చేతిలో పెట్టేవాడు. "ఇది కాస్త వెనకబడుతోందయ్యా, చూడు" అని. పైగా, కొట్టు వదిలితే ఒక్క చోట నిలవకుండా తిరుగుతాడని నాన్న ఆయనకు 'సెకన్లముల్లు' అని పేరు పెట్టాడు. అందరూ నవ్వేవాళ్ళు. బాబాయీ నవ్వేవాడు, పళ్ళ వరకే.

ఇవన్నీ నాకు చాలా కాలం తర్వాత ఆయనే చెప్పాడు. అప్పట్లో నాకు తెలిసిందల్లా, మా బాబాయికి మొక్కలంటే పిచ్చి అని.

నిజంగానే పిచ్చి. మా పెరడు, వాళ్ళ పెరడు పక్కపక్కనే ఉన్నా ఒక ఊళ్ళో ఉన్నట్టుండేవి కావు. వాళ్ళ వైపు గోడ నున్నగా సున్నం కొట్టి ఉండేది. గులాబీలు ఒక వరస, బంతి ఒక వరస, వంగ, టమాటా, బీరపందిరి, దేని కుదురు దానిదే. రాలిన ఆకు నేల మీద పూట గడిపేది కాదు. మా వైపు గోడకు పూతే లేదు. రాళ్ళ మధ్య మట్టి, మట్టిలో బెజ్జాలు. నాన్న పారేసిన గింజలు మొలిచిన చోటే వంగమొక్కలు. మధ్యలో గడ్డిచామంతి. ఓ మూల, పాత బస్సు నుంచి ఊడదీసి ఎవరో నాన్నకిచ్చిన ఇద్దరు కూర్చునే సీటు. రిటైరయ్యాక మోకాలి నొప్పితో నాన్న పొద్దున్నే ఆ సీటులో కూలబడితే ఎండ మొహం మీదికి వచ్చేదాకా లేచేవాడు కాదు.

నేను లైబ్రరీలో పనిచేస్తాను. ఆ ఏడాది ఎండాకాలం ముందు, కాలేజీలో కీటకాల గురించి పాఠం చెప్పే ఒకావిడ మా లైబ్రరీకి వచ్చి మాట్లాడింది. ఆవిణ్ణి ఊరంతా 'పురుగుల టీచర్' అనేది. ఇళ్ళల్లో పెంచుకునే మొక్కల మీదికి పుప్పొడి కోసం, తేనె కోసం ఏయే ఈగలు, ఏయే పిట్టలు వస్తున్నాయో చూసి రాసివ్వమని అడిగింది. నెలనెలా ఆ పట్టిక నేను బోర్డు మీద రాయాలి. చూసినవాళ్ళ పేరు కూడా.

మొదటి నెల బాబాయిది పదకొండు రకాలు. ఆయన తర్వాతివాళ్ళకి నాలుగు. తేనెపిట్టలో మగదీ ఆడదీ విడివిడిగా, తుమ్మెద పొట్ట మీది నూగు ఏ రంగో, చిన్న తేనెటీగ ఒక బీరపువ్వు మీద ఎన్ని సెకన్లు వాలిందో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు. బోర్డు మీద పేరు ఎక్కిన రోజు కొట్టు మూసి మరీ వచ్చాడు. దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకున్నాడు. "నీ అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయొచ్చు కదే" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. మరుసటి నెలా ఆయనే మొదటివాడు. ఆ పై నెలా ఆయనే.

నాలుగో నెలలో నాన్న పేపరు చదవడానికి వచ్చి బోర్డు చూశాడు.

"ఏమిటే ఇది? ఈగల్ని చూస్తే పేరు రాస్తారా?"

"రాస్తాం. నువ్వేమన్నా చూశావా?"

"మన వంగమొక్కల మీదికి ఒకటొస్తుంది కదా. వెనకభాగం మీద నీలం గీతలు, స్కూలు పిల్లల బెల్టులాగా. పువ్వును పట్టుకుని బండి స్టార్టు చేసినట్టు జుయ్యిమని ఊపేస్తుంది."

నేను నవ్వుతూ అదే మాట కాగితం మీద రాసి టీచరుకి పంపించాను. అరగంటలో ఆవిడ స్కూటరు మీద బయల్దేరి వచ్చేసింది. మా వీధిలో నంబర్లు సరిగ్గా ఉండవు. బాబాయి గేటు దగ్గర గులాబీలకు నీళ్ళు పోస్తుంటే ఆయన ముందే స్కూటరు ఆపింది. మూడు నెలలుగా ఈవిడ ఒక్కసారైనా వచ్చి తన తోట చూడాలని కలలు కంటున్నాడాయన. చేతులు తుడుచుకుని, చొక్కా సర్దుకుని, గేటు తీశాడు.

"ఏమండీ, డ్రైవరుగారిల్లు ఎక్కడో చెబుతారా?" అందావిడ.

బాబాయి గోడవతలికి వేలు చూపించాడు. నీళ్ళ గొట్టం కాళ్ళ మీద పారుతూనే ఉంది.

ఆవిడ మా పెరట్లో రెండు గంటలుంది. నీలిపట్టీల తేనెటీగ అట. పట్టు పెట్టి గుంపుగా ఉండదు, మట్టిలో దేని బెజ్జం అది తొలుచుకుంటుంది. టమాటా, వంగ పువ్వుల్లోని పుప్పొడిని అలా ఊపి రాల్చుకోవడం దాని విద్య. మా ఊళ్ళో అంతవరకూ ఎవరూ రాసివ్వలేదు. ఆ నెల బోర్డు మీద నాన్న పేరు పక్కన ఒకటే రకం ఉన్నా, దానికింద టీచరు స్వయంగా ఎర్ర గీత గీసింది.

నాన్నకి అందులో గొప్పేమీ కనిపించలేదు. ఆ సాయంత్రమే గోడ మీదుగా పిలిచాడు. "ఏమోయ్ తమ్ముడూ, ఇటు రా. నీకొకటి చూపిస్తా."

గోడవారన ఎండిపోయిన గడ్డికాడ ఒకటి ఉంది. దానికి వరసగా ఏడు ఈగలు. కాళ్ళతో కాదు, నోటితో కాడను కరిచి పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నాయి. "మగవాళ్ళట. గూట్లోకి రానివ్వరట. రోజూ ఇదే కాడ, ఇదే సమయం. మా డిపోలో రాత్రి బస్సుల్లాగే" అని నాన్న నవ్వాడు.

బాబాయి భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. ఆ నీలం ఆయన జీవితంలో చూసిన ఏ గడియారం ముల్లుకూ లేదట. సన్నటి పట్టీలు, ఒక్కోటి దిద్దినట్టు. చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. మరుక్షణమే లోపల లెక్క మొదలైంది. 'నా వైపు ఒక్కటీ లేదు. కుదుళ్ళు తవ్వింది నేను. ఎరువు మోసింది నేను. ఇతను ఊరికే కూర్చున్నాడు. కూర్చున్న వాడి దగ్గరికే వచ్చాయి.' పైకి మాత్రం, "బాగున్నాయన్నయ్యా" అన్నాడు.

ఆ తర్వాత నెలన్నర నాన్నకు పట్టపగ్గాల్లేవు. గుమ్మడిపువ్వు ముందు గాలిలో నిలబడి పొడుగాటి నాలుకతో తేనె తాగే చిమ్మటను చూసి 'తోక ఉన్న పిట్ట' అని రాసిచ్చాడు. ఆకును గుండ్రంగా కత్తిరించుకుని పొట్టకింద పెట్టుకుని ఎగిరిపోయే ఈగను చూసి 'దర్జీ' అన్నాడు. టీచరు పడీపడీ నవ్వి, అసలు పేర్లు పక్కన రాసేది. జనం కూడా నాన్న పెట్టిన పేర్లు చదవడానికే బోర్డు దగ్గరికి రాసాగారు. బాబాయి పద్నాలుగు రకాలు రాసిచ్చిన నెలలో కూడా, "డ్రైవరన్న ఈసారి ఏం చూశాడమ్మా?" అనే అడిగారు నన్ను.

ఆ దర్జీ కత్తిరించినవి బాబాయి గులాబీ ఆకులే. ఏదో తెగులనుకుని ఆయన వాటికి మందు కొట్టాడు. విషయం తెలిశాక ఆ మందు డబ్బా అవతల పారేశాడు. పారేసినా మనసు చల్లారలేదు. ఆకులు తనవి, పేరు అతనిది.

కొట్టులో పని మీద దృష్టి నిలవడం మానేసింది. పొద్దున గోడకు నిచ్చెన వేసుకుని, బీరతీగ సర్దుతున్నట్టు నటిస్తూ మా వైపు చూసేవాడు. పిన్ని ఒకరోజు కింద నిలబడి, "ఆ తీగకి మీరు చేసినంత సేవ నాకు చేసుంటే నేనూ కాసేదాన్ని" అందట. ఆయనకి నవ్వు రాలేదు. అలా చూస్తూ చూస్తూ ఆయన కనిపెట్టాడు. నీలి ఈగల ఇళ్ళన్నీ మా వైపు గోడలోనే ఉన్నాయి. రాళ్ళ మధ్య మట్టిలో, పెన్సిలు పట్టేంత బెజ్జాలు. లెక్కపెట్టాడు. ముప్ఫై నాలుగు.

అదే సమయంలో నాన్న మోకాలికి ఆపరేషను చేయించుకోవాల్సి వచ్చింది. పది రోజులు ఆస్పత్రి. అమ్మ నాన్న దగ్గరే ఉండిపోయింది. నేను లైబ్రరీ నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి లైబ్రరీకి. బాబాయి రెండు పూటలా క్యారియరు తెచ్చేవాడు. నాన్న దిండు సర్దేవాడు. పక్క మంచం ఆవిడ, "మీ తమ్ముడా? ఎంత మంచివాడండీ" అంటే అమ్మ, "నా చెల్లెలి అదృష్టమండీ" అని మురిసిపోయేది.

ఆరో రోజున బాబాయి అమ్మతో అన్నాడు. "వదినా, మీ పెరటి గోడ మట్టి రాలిపోతోంది. అన్నయ్య ఇంటికొచ్చాక కర్ర పట్టుకుని అటే నడవాలి కదా. రాయేదైనా జారితే ప్రమాదం. తాపీమేస్త్రీని పిలిచి పూత వేయించేస్తాను. మీరేం పట్టించుకోకండి."

అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "సొంత తమ్ముడైనా ఇంత చూడడు నాయనా" అంది.

మేస్త్రీ ఒక్క రోజులో పని ముగించాడు. ఈ చివర నుంచి ఆ చివరకు నున్నటి సిమెంటు. బాబాయి ఆ రోజు కొట్టు తెరవకుండా దగ్గరుండి చేయించాడు. మేస్త్రీ మధ్యలో, "అయ్యా, లోపల పురుగులున్నట్టున్నాయి, గుయ్యిమంటున్నాయి" అంటే, "కానీ కానీ" అన్నాడట. ఆ రెండు మాటలూ తర్వాత ఏళ్ళ తరబడి తన చెవిలో వినపడుతూనే ఉన్నాయని నాతో చెప్పాడు.

మధ్యాహ్నానికి, పూలకని బయటికెళ్ళిన ఈగలు తిరిగి వచ్చాయి. కాళ్ళకు పుప్పొడి. ఒక్కొక్కటీ తన ఇల్లు ఉన్న చోటికే వచ్చి, సిమెంటుకు జానెడు దూరంలో గాలిలో నిలబడింది. వెనక్కి జరిగింది, పక్కకి జరిగింది, మళ్ళీ ముందుకొచ్చింది. తడి సిమెంటు మీద వాలి, లేచి, మళ్ళీ నిలబడింది. పది, పదిహేను, ఇరవై ఈగలు గోడకు ఎదురుగా. బాబాయి ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. మర్నాడు చూస్తే మళ్ళీ అలాగే ఉన్నాయి. మూడో రోజు తక్కువ ఉన్నాయి.

నాన్న ఇంటికొచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ అమ్మ గోడ చూపించి బాబాయి గురించి చెప్పేది. బాబాయి తల వంచుకుని వినేవాడు. అది ఆయన నమ్రత అనుకున్నాం. అన్నం సహించడం లేదని పిన్ని అంటే కొట్టులో పని ఎక్కువైందనుకున్నాం.

ఇంటికొచ్చిన నాలుగో రోజు నాన్న వాకరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి సీటులో కూర్చున్నాడు. బాబాయి, నేను పక్కనే ఉన్నాం. ఒకే ఒక నీలి ఈగ వచ్చి గోడ ముందు నిలబడింది. నాన్న చాలాసేపు చూశాడు.

"మా బస్టాండు కొత్త చోటికి మార్చినప్పుడు" అన్నాడు, "నెల రోజులు జనం పాత చోటే నిలబడేవాళ్ళు. బోర్డు పెట్టినా సరే. పాపం, పక్కనుంచి పోతూ నేను హారను కొట్టేవాణ్ణి. వీటికి ఎలా చెప్పను?" బాబాయి వైపు తిరిగాడు. "నీ మంచితనం కొద్దీ చేయించావు, నీకేం తెలుసు. తమ్ముడూ, నీ చేతులు మంచివి. ఏదన్నా ఉపాయం ఆలోచించవూ?"

బాబాయి లేచి నిలబడ్డాడు. గబగబా మాట్లాడాడు, ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు.

"నాకు తెలుసన్నయ్యా. గూళ్ళున్నాయని తెలిసే చేయించాను. లెక్కపెట్టాను కూడా. ముప్ఫై నాలుగు."

నాన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. మా నాన్న కోపం నేను బస్సులో చూశాను కానీ, అలాంటిది చూడలేదు. గొంతు పెంచలేదు.

"కాలు కోసి నన్ను మంచాన పడేస్తే, రోజూ క్యారియరు పట్టుకొచ్చి నా దిండు సర్దావు. 'ఎలా ఉందన్నయ్యా' అన్నావు. అక్కణ్ణించి నేరుగా వచ్చి ఈ పని చేయించావా?"

బాబాయి గోడ వైపు చూపు తిప్పుకున్నాడు.

"నీకేం తక్కువైందిరా?"

"నాకేం తక్కువ కాలేదు. నీకు ఎక్కువైంది. ఎప్పుడూ నీకే."

"పో ఇక్కణ్ణించి" అన్నాడు నాన్న.

బాబాయి వెళ్ళాడు. పది నిమిషాల్లో సుత్తి, ఉలి పట్టుకుని తిరిగొచ్చి, ఎవరినీ అడక్కుండా గోడ పగలగొట్టడం మొదలుపెట్టాడు. అమ్మ బయటికొచ్చి సంగతి విని, తను ఎంతమందికి ఆయన మంచితనం చెప్పిందో తలుచుకుని, నాన్న కన్నా ఎక్కువ తిట్టింది. ఆయన ఆపలేదు. గడియారాల చేతులు సుత్తికి అలవాటు లేనివి. వేళ్ళు చితికాయి. మూడు రోజుల్లో సిమెంటు అంతా ఊడబెరికాడు. లోపల బెజ్జాల్లో పుప్పొడి ముద్దలు బూజు పట్టి ఉన్నాయి. వాటి మీద పిల్లపురుగులు ఎండిపోయాయి. ఇంకొన్ని బెజ్జాల్లో, తొలుస్తూ లోపలే చిక్కుకున్న తల్లి ఈగలు. వాటిని పటకారుతో ఒక్కొక్కటీ తీసి రుమాల్లో పెట్టుకున్నాడు.

ఆ ఏడు మా వైపు నీలి ఈగ మళ్ళీ రాలేదు. నాన్న ఆయనతో మాట్లాడలేదు. అక్కచెల్లెళ్ళు మాత్రం గోడ మీదుగా గిన్నెలు మార్చుకుంటూనే ఉన్నారు, మగవాళ్ళ సంగతి ఎత్తకుండా. బాబాయి పట్టిక రాసివ్వడం మానేశాడు. రోజూ కొట్టు కట్టేశాక, రాలిన పాత గోడమట్టిని జల్లెడ పట్టి, తడిపి, చెక్కపెట్టెల్లో దట్టించి, పెన్సిలంత బెజ్జాలు పొడిచి ఆరబెట్టేవాడు. మట్టి మరీ గట్టిపడితే మళ్ళీ నానబెట్టి మొదటినుంచి. టీచరు దగ్గరికి తనే వెళ్ళి, చేసిన పని చెప్పుకుని, పాళ్ళు కనుక్కొచ్చాడు. ఆవిడ ఏమందో చెప్పలేదు. ఎనిమిది పెట్టెలు చేసి, మా గోడకు ఎండ తగిలే చోట బిగించి వెళ్ళిపోయాడు. నాన్న చూశాడు, వద్దనలేదు.

మళ్ళీ ఎండలు ముదిరే వేళకు ఒక పొద్దున నాన్న కేక వినపడింది. "ఏమోయ్! ఎక్కడున్నావ్? పరిగెత్తుకు రా!"

ఏడు నెలల తర్వాత మొదటి మాట అది. బాబాయి పళ్ళు తోముకుంటున్నవాడు నురగ మూతితోనే వచ్చాడు. మూడో పెట్టె బెజ్జంలోంచి నీలిపట్టీల వెనకభాగం ఒకటి బయటికి వస్తూ, కాళ్ళతో మట్టి తోస్తోంది. ఇద్దరూ సీటులో కూర్చుని చూశారు. పాత సంగతి ఆ రోజూ మాట్లాడుకోలేదు, తర్వాతా మాట్లాడుకోలేదు. నాన్న క్షమించాడో లేదో నాకు తెలియదు. పొద్దున్నే సీటులో సగం ఖాళీగా ఉంచి కూర్చునేవాడు, అంతే.

బాబాయి అసూయ పోయిందా అంటే, పోలేదు. ఆయనే చెప్పాడు. "పెట్టె నేను చేశాను, ఈగ మీ నాన్న గోడకి వచ్చింది. ఇప్పటికీ మండుతుందే. కాకపోతే ఇప్పుడు మండుతోందని తెలుస్తుంది. తెలిస్తే చేతులు కట్టుకుని కూర్చుంటాను." కూర్చోవడం మాత్రం నేర్చుకున్నాడు. గంటసేపు కదలకుండా.

అలా కూర్చున్న ఒక పొద్దున, ఆయన నాన్న మోచేతిని మెల్లగా తట్టాడు. "అన్నయ్యా, ఆ ఐదో పెట్టె మీదున్నది మన ఈగ కాదు. పట్టీలు కావు అవి, చుక్కలు. చూడు."

నాన్న చూశాడు. కళ్ళు నులుముకుని చూశాడు. నల్లటి ఒంటి మీద మెరిసే నీలి చుక్కలు. అది బెజ్జం పక్కన నక్కి, తల్లి ఈగ పూలకని వెళ్ళగానే లోపల దూరింది. మధ్యాహ్నం టీచరు వచ్చి, బాబాయి చెయ్యి పట్టుకుని ఊపేసింది. నీలిపట్టీల ఈగ గూట్లో దొంగతనంగా గుడ్డు పెట్టే రకమట. ఆవిడ చదువుకున్నప్పటి నుంచీ వెతుకుతోంది, ఎప్పుడూ కంటపడలేదు.

"ఎవరి పేరు రాయను?" అని అడిగాను.

"గోడ మీ నాన్నది" అన్నాడు బాబాయి.

"కన్ను నీది కదా. నీ పేరే రాయించుకో" అన్నాడు నాన్న, ఎటో చూస్తూ. ఆ పూట అన్నం సగంలోనే లేచాడు. కూర బాగోలేదన్నాడు. అమ్మ నా వైపు చూసి పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు లైబ్రరీ తెరవకముందే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కర్ర పట్టుకుని, అంత దూరం నడిచి వచ్చాడు.

"ఈగల బొమ్మలున్న పుస్తకం ఏదన్నా ఉంటే ఇవ్వవే" అన్నాడు. "మీ బాబాయికి మాత్రం చెప్పకు."